కొట్టములో గాలిగొట్టముల అమరిక

కొలిమి యెదుట కూర్చుండి తిత్తి యూదుటను చూచిన పెద్దలు మన గ్రామములలో నింకను గలరు. నాగటికఱ్ఱు కాగవలెనన్న గాలి కావలెను. తిత్తి నొక్కినంతసేపు గాలి వచ్చును, చేయి తీసినతోడనే ఆగిపోవును. నేడు ట్రాక్టరులును, కోతయంత్రములును, మందు చల్లు యంత్రములును పల్లెలకు వచ్చిన పిమ్మట, వానితోపాటు గాలిని అణచి నిలువచేయు కంప్రెసరు కూడ అనేకుల కొట్టములలో చేరినది. తిత్తికిని దీనికిని భేద మేమనగా, ఇది గాలిని ఊదుటయే గాక ఇనుప ట్యాంకిలో దాచియుంచును. ధాన్యము గాదెలో నున్నట్లు బలము ట్యాంకిలో నుండును. వలసినప్పుడు వలసినంత తీసికొనవచ్చును.

కంప్రెసరును కొనుట సులభము. దానితో వచ్చు చిన్నపుస్తకములో నూనె ఎప్పుడు మార్చవలెనో, పట్టీ ఎంత బిగువుగా నుండవలెనో వ్రాసియుందురు. కాని ట్యాంకినుండి గాలిని పని జరుగు చోటునకు గొట్టములద్వారా ఎట్లు కొనిపోవలెనో అందు సాధారణముగా నుండదు. మనవారు పొరపాటు పడునది ఇక్కడనే. నీటిగొట్టములు వేయుట మనకు చిన్ననాటినుండి తెలిసిన పని గనుక, గాలిగొట్టములును అట్టివే యని తలచుచున్నాము. అది నిజము కాదు. ఈ భేదమును తెలియక చేసిన పనివలన కొన్ని యెడల ధనము మాత్రమే నష్టమగును, కొన్ని యెడల ప్రాణమునకే ముప్పు వచ్చును. కావున సభ్యుల యుపయోగార్థమై ఈ విషయమును కొంత విపులముగా వివరించుచున్నాము.

గాలిని అణచుట యనగా నేమి?

వేడిమి మారకుండ నున్నయెడల, గాలిపై ఒత్తిడి ఇమ్మడించినచో దాని ఘనము సగమగునని రాబర్టు బాయిల్ అను శాస్త్రజ్ఞుడు 1662లో ప్రకటించెను. మన చుట్టునున్న గాలియే ప్రతి చదరపు సెంటిమీటరుపైనను ఇంచుమించు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలిగించుచున్నది. కంప్రెసరు గేజి ఈ సహజమైన ఒత్తిడిని లెక్కింపక, దానిపై నెంత హెచ్చినదో మాత్రమే చూపును. కావున గేజిలో 7 అని యున్నప్పుడు లోపలి నిజమైన ఒత్తిడి 8 అని గ్రహింపవలెను. అనగా ఎనిమిది ఘనపు మీటర్ల బయటిగాలి ఒక ఘనపు మీటరు చోటులో ఇమిడియున్నదని యర్థము.

కొన్ని గేజీలపై కిలోగ్రాములును, కొన్నిటిపై బారులును, మఱికొన్నిటిపై చదరపు అంగుళమునకు పౌనులును ముద్రింపబడి యుండును. కిలోయును బారును వ్యవహారమున ఇంచుమించు సమానములే. ఒక కిలో 14 పౌనులకు కొంచెము ఎక్కువ. ఈ లెక్క తెలియక పౌనుల గేజిని చూచి కిలోలని భ్రమించినవారును, కిలోలను పౌనులని తలచి టైరులను పగులగొట్టుకొన్నవారును గలరు.

ఇట్లు అణచబడిన గాలిలో ఎంత బలము దాగియున్నదో చూడుడు. 200 లీటర్ల ట్యాంకిలో గేజి 8 కిలోలు చూపుచున్నప్పుడు, ఆ గాలి ఒక్కసారిగా వెలికివచ్చినచో చేయగల పని, 75 కిలోల ధాన్యపు బస్తాలను పదమూడింటిని కలిపి సుమారు 45 అడుగుల ఎత్తునకు లేపుటకు సరిపోవును. నీటి ట్యాంకి పగిలినచో నీరు కారును. గాలి ట్యాంకి పగిలినచో ఆ బలమంతయు రెప్పపాటులో బయటపడును. తక్కిన జాగ్రత్తలన్నిటికిని మూలము ఇదియే.

గాలిలో నీరు ఎక్కడినుండి వచ్చును?

క్రొత్తగా కంప్రెసరు పెట్టినవారు మొదట ఆశ్చర్యపడునది గొట్టమునుండి నీళ్లు పడుట. యంత్రము చెడినదని కొందఱు దానిని అమ్మినవారితో తగవులాడుదురు. యంత్రములో దోషమేమియు లేదు. నీరు మన గాలిలోనే యున్నది.

వర్షకాలమున వేడిమి 35 డిగ్రీలు ఉండి, గాలి బాగుగ చెమ్మగానున్న దినమున ప్రతి ఘనపు మీటరు గాలిలోను ఇంచుమించు 30 గ్రాముల నీరు ఆవిరిరూపమున నుండును. ఎనిమిది ఘనపు మీటర్లను ఒక మీటరుగా అణచినప్పుడు అందులో 240 గ్రాముల నీరు చేరును. కాని ఆ వేడిమియందు ఒక ఘనపు మీటరు చోటు 40 గ్రాముల ఆవిరిని మాత్రమే భరింపగలదు. మిగిలిన 200 గ్రాములు నీరై దిగవలసినదే. సాధారణముగా రెండు అశ్వబలముల కంప్రెసరు నిమిషమునకు 200 లీటర్ల గాలిని తీసికొనును. అట్టిది ఎడతెగక ఒక గంట పనిచేసినచో ఇట్టి దినమున 300 గ్రాముల నీరు పుట్టును.

ఇక్కడ మఱియొక సంగతి గలదు. అణచినతోడనే గాలి చేయి తాకరానంత వేడెక్కును. వేడిగానున్న గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు గనుక నీరు వెంటనే పడదు. గొట్టములో పోవుచు చల్లబడినకొలదియు పడుచుండును. ఈ కారణముచేతనే కంప్రెసరు ప్రక్కనే నీరు తీయు ఫిల్టరును బిగించినవారికి ప్రయోజనము కలుగుట లేదు. వేడి ఆవిరి దానిని దాటిపోయి, అవతల గొట్టములో నీరగుచున్నది. గాలి మొదట ఒక 25 అడుగులయినను ఇనుపగొట్టములో నడచి చల్లారిన పిదప ఫిల్టరు ఉండవలెను.

ఈ నీరు చేయు నష్టములు మూడు. ట్యాంకి అడుగున నిలిచి ఇనుమును లోపలినుండి తినివేయును. పనిముట్లలో చేరి త్రుప్పు పట్టించును. రంగు వేయునప్పుడు రేకుపై బొబ్బలు లేపును. గొట్టముల అమరికలో వాలు, మలుపు, దిగుడు అని చెప్పుచున్న వన్నియు ఈ నీటిని పని చోటికి పోనీయక, ముందుగానే పట్టి బయటికి తీయుటకే.

ఏ గొట్టము వేయవలెను?

నా యనుభవమొకటి ఇక్కడ చెప్పుట అవసరము. బోరుబావికి వేయగా మిగిలిన పి.వి.సి. గొట్టములు నా కొట్టపు చూరులో నుండెను. వానిపై 10 కిలోల ఒత్తిడికి తగునను ముద్ర స్పష్టముగా నుండెను. నా కంప్రెసరు 8 కిలోలకే ఆగిపోవును. పదికి తగిన గొట్టము ఎనిమిదికి చాలదా యని తలచి, జిగురుతో అతికించి గోడవెంట బిగించితిని. రెండు సంవత్సరములు నిక్షేపముగా పనిచేసెను. మూడవ యేట వైశాఖమాసమున ఒకనాటి మధ్యాహ్నము మజ్జిగ త్రాగుటకు ఇంటిలోనికి పోయితిని. తుపాకి ప్రేలినట్లు శబ్దమయ్యెను. వచ్చి చూడగా నాలుగడుగుల గొట్టము మాయమై, కత్తులవంటి పెంకులు వేరుసెనగ విత్తనపు గోతాలలో గుచ్చుకొని యుండెను. ఒక్క గడియ ముందు నా మనుమడు ఆ గోతాలపైననే కూర్చుండి యుండెను. ఆనాటినుండి నాకు అడిగినవారికిని అడుగనివారికిని ఈ మాట చెప్పుట అలవాటైనది.

తప్పు ఎచ్చట నున్నదో విచారింతము. గొట్టముపైనున్న 10 అను అంకె నీటికొఱకు ఉద్దేశింపబడినది. అదియును 27 డిగ్రీల వేడిమియందు లెక్కింపబడినది. వేడిమి హెచ్చినకొలది పి.వి.సి. బలము తగ్గుచుండును. వేసవిలో రేకుల కప్పు క్రింద గోడపై వేడిమి ఎంతయుండునో మనకు తెలియనిది కాదు. దానికితోడు కంప్రెసరునుండి వచ్చు వేడిగాలియు, గాలితో కలిసివచ్చు నూనెయు గొట్టమును పెళుసు చేయును. ఎండ తగిలినచో మఱింత పెళుసగును. అన్నిటికన్న ముఖ్యమైనది గాలి స్వభావము. నీరు అణగునది కాదు. నీటిగొట్టము చిట్లిన క్షణముననే ఒత్తిడి పడిపోయి, నీరు చిమ్మి ఊరకుండును. గాలి అట్లుగాక వ్యాపించుచు, పగిలిన ముక్కలను నెట్టుకొని పోవును. పి.వి.సి. ఇనుమువలె సాగి చీలక, గాజువలె ముక్కలగును. అమెరికాదేశపు వృత్తిభద్రతాశాఖ 1988లోనే, బయటికి కనబడు గాలిగొట్టములకు పి.వి.సి.ని వాడరాదని హెచ్చరిక ప్రకటించినది. మందముగల గొట్టమయినను, పైన గుడ్డ చుట్టినను ఈ మాటకు మినహాయింపు లేదు.

మన కొట్టములకు తగినవి ఇవి. జి.ఐ. గొట్టము మన బజారులలో దొరకును, మరలు చేయువారును దొరకుదురు. అది లోపల కొంత పొట్టు రాల్చును గనుక పనిముట్టుకు ముందు ఫిల్టరు అవసరము. రాగిగొట్టము త్రుప్పు పట్టదు, వేడిని త్వరగా విడిచి గాలిని చల్లబఱచును, కాని వెల హెచ్చు. గాలికొఱకే చేయబడిన అల్యూమినియపు గొట్టములు తేలికగా బిగియును, వెల మఱియు హెచ్చు. ప్లాస్టిక్కు జాతిలో ఏదైన కొనదలచినచో, అది అణచిన గాలికి తగునని తయారుచేసినవారే దానిపై ముద్రించియుండవలెను. అమ్మువాని నోటిమాట చాలదు.

గొట్టము లావు

గాలి గొట్టములో పోవునప్పుడు రాపిడివలన ఒత్తిడి తగ్గును. గొట్టము పొడవు ఇమ్మడించినచో ఈ నష్టము ఇమ్మడించును. వాడు గాలి ఇమ్మడించినచో నష్టము దాదాపు నాలుగింతలగును. కాని లోపలి వెడల్పు ఇమ్మడించినచో నష్టము ముప్పదిరెండింట ఒక వంతుకు దిగును. అరయంగుళపు గొట్టమునకు మాఱుగా ముప్పావు అంగుళపుది వేసినంతమాత్రముననే నష్టము ఇంచుమించు నాలుగింట ఒక వంతగును. వెలలో భేదము స్వల్పము, పనిలో భేదము అధికము. కావున రెండుమూడు అశ్వబలముల కంప్రెసరునకు ప్రధానపు గొట్టము ముప్పావు అంగుళము, దిగుడు గొట్టములు అరయంగుళము ఉండుట యుక్తము. ముందుముందు పెద్ద యంత్రము కొనవలెనను ఉద్దేశమున్నవారు ప్రధానపు గొట్టము ఒక అంగుళము వేసికొనుట మేలు.

ఒక కొట్టమును తీసికొని చూతము

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల కొట్టమున్నదనుకొందము. కంప్రెసరును లోపల పెట్టక, ఉత్తరపు వైపున నీడగల పంచలో పెట్టవలెను. నీడలో చల్లని గాలి పీల్చును, లోపల చప్పుడును తగ్గును. నూర్పిడి కళ్లమువైపు గాని, పొట్టు ఎగురు చోట గాని, పురుగుమందులు నిలువచేయు గదిలో గాని పెట్టరాదు. ఎరువుల బస్తాలును దగ్గఱ నుండరాదు. ఎరువు చెమ్మగిల్లి ఇనుమును, పైనున్న జింకుపూతను తినివేయును.

కంప్రెసరు పనిచేయునప్పుడు వణకును. దానికి ఇనుపగొట్టమును నేరుగా బిగించినచో కొలదిదినములకే మరలయొద్ద బీటవాఱును. కావున ట్యాంకికి మొదట బాల్‌వాల్వును, దాని తరువాత తగిన ఒత్తిడికి ఓర్చు రబ్బరుగొట్టమును మూడడుగులు బిగించి, పిదప ఇనుపగొట్టమును మొదలుపెట్టవలెను. రాత్రివేళ ఆ వాల్వును కట్టివేసినచో గొట్టములలో ఎక్కడ కారినను ట్యాంకి ఖాళీ కాదు.

గొట్టము గోడవెంట నిలువుగా 8 అడుగుల ఎత్తునకు ఎక్కవలెను. ఎక్కునప్పుడు చల్లబడిన నీరు వెనుకకు జారును గనుక, ఆ నిలువు గొట్టపు అడుగున ఒక చిన్న వాల్వు పెట్టి దానిని తీసివేయుచుండవలెను. పైకెక్కిన గొట్టము మూడు గోడలవెంట 30, 20, 30 అడుగులు మొత్తము 80 అడుగులు నడచును. ఇది మట్టముగా నుండరాదు. నూటికి ఒకటి చొప్పున, అనగా 80 అడుగులకు ఇంచుమించు 10 అంగుళములు, కంప్రెసరునకు దూరమైన కొన వైపునకు వాలవలెను. గాలి పోవు దిక్కుననే నీరును జారిపోవును. ప్రారంభమున 8 అడుగుల ఎత్తునున్న గొట్టము తుదకు 7 అడుగుల 2 అంగుళముల ఎత్తున నుండును. గోడపై సున్నపుదారముతో ముందుగా గీత కొట్టి, ఆ గీతవెంట ఆఱేడు అడుగులకొక పట్టీని బిగించినచో వాలు తప్పదు. నడుమ ఎక్కడను గొట్టము క్రుంగరాదు. క్రుంగిన చోట నీరు నిలుచును.

ప్రధానపు గొట్టమునుండి పని చోటులకు మూడు దిగుడు గొట్టములు కావలెను. పనిబల్లయొద్ద ఒకటి, ట్రాక్టరు నిలుచు చోట ఒకటి, వాకిలియొద్ద ఒకటి. వీనిని తీయు విధమే ఈ పనిలో గుట్టు. టీ ముక్కను నోరు క్రిందికుండునట్లు బిగించినచో ప్రధానపు గొట్టపు అడుగున పోవు నీరంతయు పనిముట్టులోనికే దిగును. కావున టీ నోరు పైకుండవలెను. అక్కడనుండి రెండు ఎల్బోలతో గొట్టమును గొడుగు పిడివలె వంచి, ఆ పిమ్మట క్రిందికి దింపవలెను. గాలి పైనుండి వచ్చును, నీరు అడుగుననే సాగిపోవును.

దిగుడు గొట్టపు అడుగుకొనలోనే పనిముట్టు తగిలించు నోరు పెట్టుట మఱియొక పొరపాటు. ఆ నోటిని నేలకు నాలుగడుగుల ఎత్తున ప్రక్కకు టీ వేసి తీయవలెను. దాని క్రింద గొట్టము మఱియొక అరయడుగు సాగి, బాల్‌వాల్వుతో ముగియవలెను. మిగిలిన నీరు ఆ అరయడుగులో చేరును. ప్రధానపు గొట్టపు తుదికొనను మాత్రము నేరుగా క్రిందికి దింపి వాల్వు పెట్టవలెను. ఆ కొన నీరు చేరుటకే ఏర్పడినది.

ఈ అమరికకు ప్రధానపు గొట్టము 80 అడుగులు, నిలువు గొట్టము 8 అడుగులు, దిగుడులకును తుదికొనకును మఱియొక 20 అడుగులును పట్టును. ముప్పావు అంగుళపు గొట్టము నడుమ ఒకటి రెండు చోట్ల యూనియనులు వేసికొన్నచో, తరువాత మార్పులు చేయుటకు మొత్తము విప్పవలసిన పని యుండదు.

బిగింపు, పరీక్ష

గొట్టము కోసిన పిమ్మట లోపలి అంచున లేచిన రవ్వను ఆకురాయితో తీయవలెను. మరలకు టేపు చుట్టునప్పుడు మరబిగియు దిక్కుననే చుట్టి, మొదటి చుట్టును విడువవలెను. అట్లు విడువనిచో టేపు పీలికలు తెగి ఫిల్టరులోను, పనిముట్టులోను చేరును. బిగింపు ముగిసిన తరువాత తుదివాల్వులన్నియు తెఱచి, తక్కువ ఒత్తిడితో గాలి వదలి, లోపలి ఇనుపపొట్టును ఊదివేయవలెను. ఆ సమయమున కొనల యెదుట ఎవరును నిలువరాదు.

పరీక్షను ఒక్కసారిగా పూర్తి ఒత్తిడితో చేయకుడు. మొదట ఒక కిలో ఒత్తిడి నింపి, ప్రతి అతుకునకును సబ్బునీరు పూయవలెను. బుడగ లేచినచో గాలి తీసివేసిన తరువాతనే మర బిగింపవలెను. ఒత్తిడి యుండగా బిగించుట అపాయకరము. అన్నియు సరిగానున్నవని తేలిన తరువాత నాలుగు కిలోలకును, ఆ పిమ్మట పూర్తి ఒత్తిడికిని హెచ్చింపవలెను.

చిన్న రంధ్రమే కదా యని యుపేక్షింపరాదు. 7 కిలోల ఒత్తిడిలో ఒక మిల్లిమీటరు రంధ్రమునుండి నిమిషమునకు 70 లీటర్ల వరకు గాలి పోగలదు. రెండు అశ్వబలముల కంప్రెసరు చేయు పనిలో ఇది మూడవవంతు. మోటారు తిరుగుచునే యుండును, కరెంటు బిల్లు పెరుగుచునే యుండును. నెలకొకసారి ఒక చిన్న పరీక్ష చేయుడు. పనిముట్లన్నియు కట్టివేసి, వాల్వు మాత్రము తెఱచి, మోటారు ఎంతసేపు తిరిగినదో ఎంతసేపు ఆగినదో గడియారముతో చూడుడు. తొమ్మిది నిమిషములు ఆగి ఒక నిమిషము తిరిగినచో, యంత్రము బలములో పదవవంతు వృథాగా కారిపోవుచున్నదని యర్థము. అంతకు మించినచో సబ్బునీటి గిన్నె మరల పట్టవలసినదే.

పనికి తగిన ఒత్తిడి

ట్యాంకిలో 8 కిలోలున్నను ప్రతి పనికిని అంత అక్కఱలేదు. దిగుడు గొట్టముయొద్ద ఫిల్టరును, దాని తరువాత రెగ్యులేటరును బిగించి, పనికి తగినంతకు తగ్గించుకొనవలెను. ట్రాక్టరు వెనుక టైరునకు సాధారణముగా 12 మొదలు 20 పౌనులు మాత్రమే, అనగా ఒకటిన్నర కిలోకు లోపుగనే, గాలి యుండును. సరియైన అంకెను టైరు చేసినవారు చెప్పినట్లు గైకొనవలెను. రెగ్యులేటరు లేక నేరుగా ట్యాంకి గాలిని వదలినచో ఆ టైరు ఎప్పుడు హద్దు దాటునో తెలియదు. గాలి ఎక్కించునప్పుడు టైరు ఎదుట కూర్చుండక, పొడవైన రబ్బరుగొట్టముతో ప్రక్కన నిలుచుట క్షేమము.

ఇంజనులోని గాలివడపోత కాగితపు గుండ్రమును శుభ్రపఱచునప్పుడు రెండు కిలోలకు మించరాదు. లోపలినుండి బయటికి ఊదవలెను. బయటినుండి ఊదినచో దుమ్ము కాగితములోనికి దిగును. ఎక్కువ ఒత్తిడితో ఊదినచో కాగితము చిరిగి, దుమ్ము ఇంజనులోనికి పోయి సిలిండరును అరుగదీయును. కోతయంత్రపు రేడియేటరులో చిక్కిన పొట్టును గాలి లోనికి పీల్చు దిక్కునకు ఎదురుగా ఊదవలెను. రేకులు వంగకుండ కొన దూరముగా పట్టవలెను.

ఇంపాక్టు రెంచి వంటి పనిముట్లకు గాలితోపాటు కొంచెము నూనె అవసరము. అందుకు నూనెగిన్నెను గొట్టముపైననే బిగించుట కలదు. కాని ఒకసారి నూనె పోయిన రబ్బరుగొట్టము రంగువేయుటకు పనికిరాదు, రంగు పట్టదు. పనిముట్లకు ఒక గొట్టము, రంగుకు వేఱొక గొట్టము గుర్తుపెట్టి ఉంచుకొనవలెను.

మఱువరాని జాగ్రత్తలు

ట్యాంకి అడుగున నున్న వాల్వును ప్రతిదినము పని ముగియగానే తెఱచి నీటిని తీయవలెను. త్రుప్పు లోపలనుండి తినును గనుక, పైన రంగు నిగనిగలాడుచున్నను ట్యాంకి పలుచబడి యుండవచ్చును. త్రుప్పుతో చిల్లిపడిన ట్యాంకికి వెల్డింగు అతుకు వేయరాదు, దానిని మార్చవలెను. సేఫ్టీవాల్వునుండి గాలి పోవుచున్నదని దానిని బిగించుట గాని, మూసివేయుట గాని ఎన్నడును చేయరాదు. అది పోనిచ్చుచున్నదనగా మోటారును ఆపవలసిన స్విచ్చు చెడినదని తెలియవలెను. మోటారునకు ఎర్తుతీగ తప్పక యుండవలెను. పట్టీపై జాలి లేనిదే యంత్రమును త్రిప్పరాదు.

రబ్బరుగొట్టమును ఊడదీయుటకు ముందు వాల్వు కట్టి, లోపలి గాలిని పోనీయవలెను. ఒత్తిడితో ఊడిన గొట్టము పామువలె కొట్టుకొని కన్ను పోగొట్టగలదు. ఊదునప్పుడు కంటికి అద్దములు ధరింపుడు.

ఒంటిమీది దుమ్మును ఈ గాలితో దులుపుకొనుట చెడ్డ అలవాటు. చర్మముపై గాయమున్నచోట గాలి లోపల ప్రవేశించి అవయవమునకే హాని చేయును. వేళాకోళమునకు ఒకరి శరీరమున గాలిగొట్టము ఆనించినచో ప్రేగులు పగిలి ప్రాణమే పోవును. ఇట్టి మరణములు మన దేశమున కర్మాగారములలో జరిగినవి. పిల్లలకును, పాలేరులకును ఈ మాట ముందుగనే చెప్పియుంచుట యజమాని ధర్మము. బావిలోనికి దిగువారికి ఊపిరి గాలిగా కంప్రెసరు గాలిని పంపరాదు. అందు నూనె ఆవిరియు, దగ్గఱ ఇంజను తిరుగుచున్నచో విషవాయువును కలిసియుండవచ్చును.

సభ్యులకు మనవి

ఒంటరి రైతునకు ఈ ఖర్చు భారమని తోచవచ్చును. ఒకే వీధిలోని నలుగురు సభ్యులు కలిసి ఒక మంచి కంప్రెసరును, ఒక కొట్టములో సరియైన గొట్టములను ఏర్పాటు చేసికొన్నచో, నాలుగు చోట్ల నాలుగు చిన్న యంత్రములు కొనుటకన్న ఖర్చు తక్కువ, ప్రయోజనము హెచ్చు. నీరు తీయు పని ఏ దినము ఎవరిదో గోడపై వ్రాసియుంచినచో తగవులు రావు.

ఇప్పటికే కొట్టములో పి.వి.సి. గొట్టములు గాలికి వేసికొన్న సభ్యులు ఈ పంట చేతికి వచ్చువఱకు ఆగుదమని తలపకుడు. నేడే ట్యాంకివాల్వు కట్టివేసి, గాలి పోనిచ్చి, ఆ గొట్టములను ఊడదీయుడు. క్రొత్తవి వచ్చువఱకు ట్యాంకినుండి రబ్బరుగొట్టమొకటి నేరుగా తీసికొని పని జరుపుకొనవచ్చును. ఊడదీసిన గొట్టములలో పెళుసెక్కనివి కాలువగట్టున నీరు పాఱించుటకు పనికివచ్చును. అవి చేయబడినది ఆ పనికొఱకే.